బైపీసీలో చివరి ఆయకట్టు

ఎవరి పేరున ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో ఆ సారు గురించి నాకు ముందు మాట్లాడినవాళ్ళు వివరంగా చెప్పారు. నేను ఒక్క సంగతి చేరుస్తాను. ఆయన చెప్పేది జువాలజీ. అయినా రక్తప్రసరణ పాఠం మొదలుపెట్టే ముందు ఒక పీరియడంతా పీడనం గురించి చెప్పేవారు. అది ఫిజిక్స్ సారు పని కదా అని వెనక బెంచీ వాళ్ళు గొణిగితే, గుండెకు సబ్జెక్టుల సంగతి తెలియదని జవాబు. నేను ఫిజియాలజీ పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆ జవాబు నాకు పదే పదే అక్కరకొచ్చింది.

నన్ను మాట్లాడమన్న విషయం డాక్టర్ కావాలనుకునే పిల్లల మీద పడే చదువు బరువు, దాన్ని మోసే పద్ధతి. నేరేడుచర్ల లాంటి చోట ఇది ప్రతి వీధికీ తెలిసిన విషయమే. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన అమ్మాయిని మిర్యాలగూడలో చేర్పించాలా, కోదాడలోనా, ఏకంగా విజయవాడ హాస్టల్‌కే పంపాలా అని ఏటా మే నెలలో ఎన్ని ఇళ్ళల్లో వాదనలు జరుగుతాయో మీకే బాగా తెలుసు. చేర్పించడం ఎక్కడన్నది తేలాక, ఆ పిల్ల నెత్తి మీదికి ఏమెత్తుతున్నామో కూర్చుని లెక్కేసిన ఇల్లు మాత్రం అరుదు. కాబట్టి ముందు ఆ లెక్క వేద్దాం.

బైపీసీకి రెండేళ్ళలో వెయ్యి మార్కులు. మొదటి ఏడాది 440, రెండో ఏడాది 560. బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కోటి ఏడాదికి 60. రెండో ఏడాదిలో వీటికి తోడు ప్రాక్టికల్స్ 120. ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజ్ ఏడాదికి చెరో వంద. సైన్సు పేపరు ఏది తీసుకున్నా ఒకే అచ్చు. రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు. ఇది రాయడం పరీక్ష. బొమ్మ గీయాలి, భాగాలు గుర్తించాలి, విషయాన్ని ఒక వరసలో పెట్టాలి.

ఇక నీట్. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. ఇందులో రాయడానికేమీ లేదు, గుర్తించడమే. పాఠాలు దాదాపు అవే. ఉమ్మడి రాష్ట్రంలోనే మన ఇంటర్ సిలబస్‌ను ఎన్‌సీఈఆర్‌టీ దారిలోకి తెచ్చారు. అయినా చదివే తీరు పూర్తిగా వేరు. తెలుగు అకాడమీ పుస్తకంలో ఎనిమిది మార్కుల ప్రశ్నగా చదివిన అధ్యాయాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో వాక్యం వాక్యం జల్లెడ పట్టాలి. ఒకే పొలాన్ని రెండు పరీక్షల కోసం రెండుసార్లు దున్నుతున్నారు మన పిల్లలు. బరువంతా అక్కడుంది. పాఠాలు ఎక్కువని అందరూ అంటారు గానీ, పాఠాల కంటే ఈ రెండు రకాల తర్ఫీదే వాళ్ళను అలసగొడుతోంది.

ఒకప్పుడు ఈ రెండింటినీ కలిపే ముడి ఒకటుండేది. మెడికల్ సీట్లకు ఎంసెట్ రాసే రోజుల్లో ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చేవారు. బాగా రాసినవాడికి ఎంతో కొంత దక్కేది. నీట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులతో పనిలేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్ళకు 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 40 శాతం ఉంటే చాలు. మన రాష్ట్రంలో ఎంసెట్ నుంచి నీట్‌కు మార్పు సాఫీగా కూడా జరగలేదు. 2016 జులైలో పిల్లలు రాసిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకై రద్దయింది. సెప్టెంబర్ 11న ఎంసెట్-3 పెట్టారు. ఇంటర్ ముగిసిన ఆరు నెలలకు కూడా పుస్తకం మూయలేకపోయిన ఆ బ్యాచ్ పిల్లలు ఇవాళ డాక్టర్లుగా మన మధ్యే తిరుగుతున్నారు. ఆ మరుసటి ఏడాది నుంచి నీటే దిక్కయింది.

ఇంత బరువు మీద పడ్డప్పుడు ఎవరైనా కొంత దించుకోవాలనే చూస్తారు. దించుకోవడం తప్పని నేననను. ఏది దించుకుంటున్నారన్నదే నా పేచీ.

మొదట దిగేది ఫిజిక్స్. దీనికి కారణం ఇంటర్ కంటే ముందే ఉంది. పదో తరగతి తర్వాత పిల్లల్ని రెండు గుంపులుగా చీలుస్తాం. లెక్కలంటే భయం లేనివాడు ఎంపీసీ, భయమున్నవాడు బైపీసీ. డాక్టర్ కావాలన్న కోరిక వల్ల బైపీసీకి వచ్చినవాళ్ళు ఎందరో, లెక్కల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళూ అందరే ఉంటారని నా అనుమానం. వాళ్ళ టైంటేబుల్లో మ్యాథ్స్ పీరియడ్ ఉండదు. ఫిజిక్స్ మాత్రం లెక్కలొచ్చినవాడి భాషలోనే మాట్లాడుతుంది. సదిశల పాఠం మొదటి నెలలోనే వస్తుంది. సైన్ ముప్పై ఎంత, గ్రాఫులో వాలు ఏం చెబుతుంది, లాగరిథం అంటే ఏమిటి అన్నవి అప్పటికే వచ్చినట్టు భావించి లెక్చరర్ ముందుకు పోతాడు. రాని పిల్లవాడు సూత్రాన్ని బట్టీ పడతాడు. జూన్‌లో మొదలైన ఆ బట్టీ రెండేళ్ళు సాగుతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళ ముందు ఒక పోలిక చెబితే వెంటనే అర్థమవుతుంది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన నాటి నుంచి మనకు తెలిసిందే, ఎగువ వాళ్ళ తడి పూర్తయ్యాక మిగిలితే చివరి ఆయకట్టుకు. బైపీసీ పిల్లల రోజులో ఫిజిక్స్ ఆ చివరి ఆయకట్టు. 90 ప్రశ్నలున్న బయాలజీకి పొద్దుటి గంటలు పోతాయి, కెమిస్ట్రీకి మధ్యాహ్నం. రాత్రి పదింటికి, కళ్ళు మూతలు పడే వేళకు, ఫిజిక్స్ నోట్సు తెరుస్తారు. చివరి మడి ఎండితే రైతు కాలువను తిట్టుకుంటాడు. ఫిజిక్స్ ఎండితే మన పిల్ల తనను తాను తిట్టుకుంటుంది, నాకు బుర్ర లేదని.

బయాలజీలో మార్కులు తెచ్చుకుంటే ఫిజిక్స్ సంగతి ఎలాగో గడిచిపోతుందన్న ధీమా 2025లో గట్టిగానే దెబ్బతిన్నది. అంతకు ముందు ఏడాది మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. ఆ ఫలితాల మీద రేగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2025లో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు 686 దగ్గర ఆగింది. ఫిజిక్స్ పేపరు అంత కఠినంగా వచ్చింది. బయాలజీ అందరూ చదువుతారు గనుక అక్కడ తేడా తక్కువ. ర్యాంకులు విడిపోయేది ఫిజిక్స్‌లోనే.

ర్యాంకు సంగతి పక్కన పెట్టండి. సీటు వచ్చిందనుకుందాం. సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో వచ్చింది, నల్లగొండలోనూ అదే ఏడాది. రాష్ట్రం ఏర్పడ్డ 2014లో రాష్ట్ర ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అయిదే. ఇప్పుడు జిల్లాకొకటి. అంటే మన పిల్ల నేరేడుచర్ల నుంచి బస్సెక్కి పోయి వచ్చేంత దూరంలోనే డాక్టరు చదవొచ్చు. మా తరానికి అది ఊహకైనా అందని మాట. అక్కడ చేరిన మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి. ఫిజిక్స్ అనే పేపరు ఎక్కడా ఉండదు. అమ్మయ్య, వదిలింది అనుకుంటారు. నాలుగు వారాలు తిరగకుండానే నా క్లాసులో అది మళ్ళీ ఎదురవుతుంది, ఈసారి పేరు చెప్పకుండా.

గొట్టం వ్యాసార్థం సగమైతే అందులో పారే ద్రవం సగానికి కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. పాయిజోయ్ సూత్రం. ఆస్తమా పిల్లవాడికి ఊపిరి గొట్టాలు కొంచెమే సన్నబడినా అంతలా ఎందుకు ఎగబీలుస్తాడో ఈ నాలుగో ఘాతం తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులు ఎందుకు ముడుచుకుపోతాయి? ఇంటర్ మొదటి ఏడాది తలతన్యత పాఠంలో సబ్బు బుడగ లెక్క ఉంటుంది. బుడగ చిన్నదైనకొద్దీ లోపలి పీడనం పెరుగుతుందని. ఊపిరితిత్తుల్లోని వాయుగోణులకూ అదే లెక్క. తలతన్యతను తగ్గించే పదార్థం ఆ పసిబిడ్డలో ఇంకా తగినంత తయారు కాలేదు. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడితే, పోయింది 0.3 మాత్రమే కదా అనుకుంటాడు లాగరిథం రానివాడు. హైడ్రోజన్ అయాన్లు రెండింతలయ్యాయని వచ్చినవాడికి తెలుస్తుంది. రేడియోధార్మికత పాఠంలో అర్ధాయువు లెక్క బట్టీ పట్టి వదిలేసిన అమ్మాయే, మందు ఎన్ని గంటలకొకసారి ఇవ్వాలో ఫార్మకాలజీలో అదే లెక్కతో తేల్చుకోవాలి.

ఇవన్నీ కాలేజీ కబుర్లనిపిస్తే, మన ఊళ్ళలో ఆర్ఎంపీ దగ్గర గోడ మేకుకు వేలాడే సెలైన్ సీసా చూడండి. మీటరు ఎత్తున కట్టిన ద్రవం దాదాపు 74 మిల్లీమీటర్ల పాదరసం పీడనమిస్తుంది. చేతి సిరలో ఉండేది అందులో చిన్న వంతు, అందుకే సెలైన్ లోపలికి పోతుంది. సీసాను పేషెంటు చెయ్యి కంటే కిందికి దించితే గొట్టంలోకి రక్తం ఎదురెక్కుతుంది. అది చూసి హడలిపోయిన అత్తలూ అమ్మలూ ఈ సభలో ఉండే ఉంటారు. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించాలి, మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు. నిమిషానికి ఎన్ని? సుమారు 42. పదో తరగతి లెక్క. హౌస్‌సర్జన్ రాత్రి రెండు గంటలకు చేతి వేళ్ళ మీద చేయాల్సిన లెక్క కూడా ఇదే.

ఈ సబ్జెక్టుల మధ్య గోడలు లేవనడానికి మన తెలుగువాళ్ళలోనే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ తోనే బయటపడ్డాడు. 1923లో అమెరికా చేరి, ఖర్చులకు బోస్టన్ ఆసుపత్రిలో రాత్రి పూట కూలిపని చేశాడు. పగలు హార్వర్డ్. బరువు మోయడం గురించి మాట్లాడాలంటే ఆయన పేరే ముందు ఎత్తాలి. అయితే నేను ఆయన్ని తలచుకునేది ఆ కష్టాల కోసం కాదు. ఆ కథ బడి ఫంక్షన్లలో ఎటూ చెబుతారు.

1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతి చూడండి. శరీర ద్రవాల్లో, కణజాలాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. మాలిబ్డేట్‌తో చర్య జరిపి, క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఇంతవరకు కెమిస్ట్రీ. ఆ నీలం ఎంత చిక్కగా ఉందో కాంతిని పంపి కొలవాలి. అది ఫిజిక్స్. ఆ అంకెను బట్టి కండరం లోపల ఏం జరుగుతోందో చెప్పాలి. అది బయాలజీ. ఒక్క పరీక్షనాళికలో మీ టైంటేబుల్ మొత్తం ఉంది. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. శ్వాసక్రియ పాఠంలో 'ఏటీపీ' అని మీరు రాసే ప్రతిసారీ భీమవరం కుర్రవాడి పని అందులో ఉంటుంది. నీట్ పేపర్లో అది ఏ విభాగం కింద వస్తుందో ఆయనకు పట్టే విషయం కాదు.

దించుకునేవాటిలో రెండోది రాత. హాస్టల్ కాలేజీల్లో ఇంటర్ పరీక్షలకు నెల ముందు దాకా పెన్నుతో పని ఉండదు, ఓఎంఆర్ గడులు నింపడం తప్ప. ఎటూ నీట్‌కు అక్కర్లేదు కదా! ఎంబీబీఎస్‌లో మాత్రం వరంగల్లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరీక్షలు రాత పరీక్షలే. వివరించమంటారు, బొమ్మ గీయమంటారు. ఆపైన వైవా, అంటే ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని నోరు విప్పడం. నాలుగు జవాబులు ఎదురుగా ఉంటేనే పనిచేసే బుర్ర ఖాళీ కాగితం ముందు బిగుసుకుపోతుంది. గొప్ప ర్యాంకులతో వచ్చిన పిల్లలు మొదటి ఇంటర్నల్స్‌లో కూలబడేది ఎక్కువగా ఇక్కడే. రోజుకొక ఎనిమిది మార్కుల ప్రశ్న, ఇరవై నిమిషాలు, పుస్తకం మూసి రాయండి. నీట్‌కు కూడా అది నష్టం చేయదు. ఒక పాఠాన్ని క్రమంగా రాయగలిగినవాడు అందులోని ఏ వాక్యాన్ని మెలిపెట్టి అడిగినా పట్టుకుంటాడు.

మూడోది చెబితే పిల్లలు నవ్వుతారు. తెలుగు. మార్కులు బాగా పడతాయని సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు. సంస్కృతం మీద నాకేం కోపం లేదు, దాన్ని నిజంగా నేర్చుకునేవాడు కనబడితే దండం పెడతాను. రెండేళ్ళు అది చదివి 99 తెచ్చుకుని, దానిలోనూ ఒక వాక్యం మాట్లాడలేక, తెలుగులోనూ పేషెంటుతో రెండు ముక్కలు మాట్లాడలేక నిలబడేవాళ్ళను చూస్తేనే బాధ. సూర్యాపేట ఆసుపత్రికి వచ్చే పెద్దమ్మ కాళ్ళు గుంజుతున్నయ్ అంటుంది, కడుపుల దేవుతుంది అంటుంది, నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తుంది అంటుంది. ఛాతీలో పోటా, మంటా, పట్టేసినట్టుందా అన్న తేడాలోనే గుండె జబ్బూ గ్యాసూ వేరుపడతాయి. స్కానింగ్ కంటే ముందు జరగాల్సిన పరీక్ష అది. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ కరికులంలో, మొదటి నెల ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషను చేర్చారంటే ఊరికే కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లీషు పుస్తకాల ముందు మొదటి ఏడాది తడబడుతుంది, నిజమే. నీట్ పేపరు 13 భాషల్లో ఉంటుంది, తెలుగులోనూ రాయవచ్చు. కాలేజీలో మాత్రం అంతా ఇంగ్లీషే. కానీ వార్డులో అడుగు పెట్టగానే ఆ పిల్లే ముందుంటుంది. పట్నం పిల్లలు ఆమె వెనక నిలబడి పేషెంటు ఏమన్నదని అడుగుతుంటారు.

ఇక టైం సంగతి. తల్లిదండ్రులకు నిద్ర గురించి ఒక మాట. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే వైద్యులు చెబుతారు. పగలు చదివింది నిద్రలోనే స్థిరపడుతుంది. నాలుగున్నరకు లేపి, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే స్టడీ అవర్లు చూసి కాలేజీ గట్టిదని మురిసిపోకండి. ఆ పిల్లలు చదివిందాంట్లో సగం ఎటు పోతుందో ఫిజియాలజీ చెప్పేవాణ్ణిగా నాకు తెలుసు.

ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి, నీట్ మామూలుగా మే మొదటి ఆదివారం వస్తుంది. 2025లో ఈ రెండింటి మధ్య నలభై రోజులున్నాయి. ఆ నలభై రోజులే మన దగ్గర యాసంగి కోతలు. ఇంట్లో హార్వెస్టర్ కోసం ఎదురుచూపులు, ఐకేపీ కేంద్రంలో వడ్ల కుప్ప దగ్గర కాపలా, అకాల వానొస్తే టార్పాలిన్ కోసం పరుగులు. రైతు ఇంటి పిల్ల ఆ పనిలో చెయ్యి పెట్టకుండా ఉండలేదు. పెట్టొద్దని నేనూ చెప్పను. అయితే పొద్దున ఆరు నుంచి పది దాకా ఆ పిల్లను పేరు పెట్టి పిలవొద్దని అమ్మానాన్నలు ఒప్పుకుంటే చాలు. ఆ నాలుగు గంటల్లో మొదటి రెండు ఫిజిక్స్‌వి. బయాలజీ సాయంత్రం కుప్ప దగ్గర కూర్చుని కూడా చదవొచ్చు.

సీటు రాకపోతే ఏం చేయాలన్నది ఎవరూ సభల్లో అడగరు, తర్వాత పక్కకు పిలిచి అడుగుతారు. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒకసారి సబబే, ఫిజిక్స్‌లో లోపం ఎక్కడుందో తెలిసి పోతే. అవే నోట్సు మళ్ళీ చదవడానికైతే ఆ ఫీజు దండగ. నీట్‌కు ఎన్నిసార్లన్న హద్దు లేదు, పై వయసు హద్దూ తీసేశారు. అందుకే ఆ హద్దు ఇంట్లోనే గీసుకోవాలి. ఈఏపీసెట్‌తో బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది, ఫార్మసీ ఉంది. ఏ ఫలితమూ చివరి మాట కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన సంగతి మరచిపోయేది కాదు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైన అందరి పేపర్లనూ ఉచితంగా మళ్ళీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. కాగితం మీది అంకె తప్పయ్యుండొచ్చని ఆ పిల్లలకు ఎవరో ఒకరు ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. ఫలితాల రోజు ఫోన్లు పట్టుకుని బంధువుల పిల్లల మార్కులు కనుక్కోవడం మానేసి, పిల్లల పక్కన కూర్చోండి.

చివరగా ఈ ధర్మనిధి పెద్దలకు ఒక విన్నపం. ఏటా వచ్చే వడ్డీతో జ్ఞాపికలూ శాలువాలూ కొంటున్నారు. ఈసారి శాలువా నాకు వద్దు. పదో తరగతి పరీక్షలు రాసి బైపీసీలో చేరబోయే పిల్లలకు మే నెలలో మూడు వారాలు, రోజుకు గంటన్నర, ఇక్కడే లెక్కలు చెప్పించండి. లాగరిథం, త్రికోణమితి విలువలు, సదిశలు, గ్రాఫులు, చుక్కల లెక్క. అంతకంటే ఎక్కువ వద్దు. ఎండ ముదరకముందే, పొద్దున ఏడింటికి పెడితే పాలకవీడు నుంచీ హుజూర్‌నగర్ నుంచీ కూడా పిల్లలు బస్సుల్లో వచ్చి పోగలరు. మొదటి నాలుగు రోజులు లాగరిథం నేను చెబుతాను, మిగతాదానికి లెక్కల సారో మేడమో కావాలి. రిటైరైనవాళ్ళయితే మరీ మంచిది, వాళ్ళకు పిల్లల మీద విసుగు తక్కువ. ఇష్టమున్నవాళ్ళు సభ ముగిశాక నన్ను కలవండి, తారీకులు ఇవాళే రాసుకుందాం.